రెండు బీకర్ల మీది చీటీలు

ఆ బడిలో పిల్లలందరూ ఆమెను ల్యాబమ్మ అనేవాళ్ళు. ఆమె ఉద్యోగానికి వేరే పేరేదో ఉండేది కానీ హాజరు పట్టీలో తప్ప దాన్ని ఎవరూ పలికేవాళ్ళు కాదు. రసాయనశాస్త్రం ప్రయోగశాల తాళంచెవి ఇరవై ఏళ్ళుగా ఆమె దగ్గరే ఉండేది. పొడుగాటి గది. ఆరు బల్లలు, వాటి మీద ఎప్పటెప్పటివో కాలిన మచ్చలు. రెండు కుళాయిలు, అందులో ఒకటి ఎంత బిగించినా కారుతూనే ఉండేది. బీరువాలో ఆమ్లాల సీసాలన్నీ అట్టడుగు అరలోనే పెట్టేది. పైన పెడితే అందుకోవడం సులువు కదా అని ఒక కొత్త టీచరు అడిగితే, కింద ఉంటే పడినా కాళ్ళ మీద పడుతుంది, పైన ఉంటే కళ్ళ మీద పడుతుంది అని చెప్పింది.

ఆమె చదువు పదో తరగతితో ఆగిపోయింది. అమ్మానాన్నా పోయాక తమ్ముణ్ణి చదివించింది ఆమే. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే ముందు వీడి చదువు కానివ్వండి అనేది. వాడి చదువు అయ్యేసరికి ఆ మాట ఎత్తేవాళ్ళు లేకుండా పోయారు. వాడు పాఠం అప్పజెబుతుంటే పుస్తకం పట్టుకుని కూర్చునేది ఆమే కాబట్టి, వాడితో పాటు డిగ్రీ రసాయనశాస్త్రం అంతా ఆమెకూ వచ్చేసింది. వాడికి పరీక్షల దాకా గుర్తుండేది, ఆమెకు ఆ తర్వాత కూడా.

తమ్ముడు అదే బడికి రసాయనశాస్త్రం టీచరుగా వచ్చిన రోజు ఆమె ల్యాబంతా కడిగింది. గాజు సామానంతా తోమి బోర్లించింది. ఆ రోజు నుంచి బడిలో ఆమె వాణ్ణి "సార్" అనేది, వాడు "ఏమ్మా" అనేవాడు. సాయంత్రం ఇంటికి వచ్చాక మళ్ళీ అక్కాతమ్ముళ్ళు. మరదలు, మేనకోడలు, వీళ్ళిద్దరూ ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు. మేనకోడలికి అప్పుడు నాలుగేళ్ళు. బడిలో చాలామంది పిల్లలకు ఈ చుట్టరికమే తెలియదు. సారుకి పుస్తకం వచ్చు, ల్యాబమ్మకి సీసాలు వచ్చు, మనకి రెండూ రావు అని వాళ్ళలో వాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

తమ్ముడు చెడ్డ టీచరేం కాదు. గొంతు బాగుండేది, బోర్డు మీద రాత ముత్యాల్లా ఉండేది. కాకపోతే ఎవరైనా చూస్తున్నారంటే వాడి ధ్యాసంతా ఆ చూసేవాళ్ళ మీదికే పోయేది. ఆ సంగతి చిన్నప్పటి నుంచీ అక్కకు తెలుసు.

ఆ ఏడాదే పైఆఫీసు నుంచి ఇద్దరు అధికారులు మాదిరి పాఠం చూడటానికి వచ్చారు. తొమ్మిదో తరగతి, ఉదయం రెండో పీరియడు. గాఢ ఆమ్లాన్ని నీళ్ళలో కలిపి పలుచన చేస్తే వేడి పుడుతుందని చూపించడం ఆ రోజు పాఠం. ఆమె పొద్దున్నే వచ్చి బల్ల మీద రెండు బీకర్లు పెట్టింది. ఒకదాని మీద "నీళ్ళు" అని, ఇంకోదాని మీద "గాఢ ఆమ్లం" అని తన చేత్తో రాసి చీటీలు అంటించింది. పక్కన గాజు కడ్డీ, ఉష్ణమాపకం. ముందు బెంచీ బల్లకు మరీ దగ్గరగా ఉందనిపించి, వెనక్కి జరపనా సార్ అని మెల్లగా అడిగింది. అధికారులు అప్పటికే గుమ్మంలో ఉన్నారు. వాడు వద్దని కళ్ళతోనే చెప్పాడు. ఆమె వెళ్ళి వెనక గోడ దగ్గర నిలబడింది.

ముందు బెంచీలో చివర ఒక పిల్ల కూర్చునేది. ఎప్పుడూ ఆ చోటే. సరిగ్గా కనపడకపోతే లేచి మెడ సాచి చూసేది. ప్రయోగం రికార్డులో "పరిశీలన" అని ఉన్న చోట మిగతావాళ్ళు పుస్తకంలోది దించేస్తే, ఆ పిల్ల మాత్రం తను చూసిందే రాసేది. రంగు లేత గులాబీ అని పుస్తకంలో ఉంటే, నాకు ఊదాలా కనపడింది అని రాసి తిట్లు తింది ఒకసారి. ల్యాబమ్మకు ఆ పిల్లంటే ఇష్టం.

పాఠం బాగానే నడిచింది. ఆమ్లాన్ని నీళ్ళలోకి పొయ్యాలి, కొద్దికొద్దిగా, కలుపుతూ పొయ్యాలి, నీళ్ళను మాత్రం ఎప్పుడూ ఆమ్లంలోకి పొయ్యకూడదు, అని తమ్ముడు గట్టిగా చెబుతున్నాడు. చెబుతూ చూస్తున్నది పిల్లల వైపు కాదు, ఏదో రాసుకుంటున్న అధికారి వైపు. నోరు నియమం చెబుతూనే ఉంది, చెయ్యి వెళ్ళి నీళ్ళ బీకరు ఎత్తింది.

"ఒరే తమ్ముడూ!" అని ఆమె వెనక నుంచి అరిచింది. బడిలో వాణ్ణి అలా పిలవడం అదే మొదటిసారి. అప్పటికే నీళ్ళు పడిపోయాయి.

ఆమ్లం బరువైనది, నీళ్ళు తేలిక. పై నుంచి పోసిన నీళ్ళు ఆమ్లంలో కలవకుండా పైనే ఉండిపోతాయి. పుట్టిన వేడంతా ఆ కాస్త నీటి పొర మీదే పడుతుంది, అది రెప్పపాటులో మరిగి కింద ఉన్న ఆమ్లాన్ని తనతో పాటు ఎగజిమ్ముతుంది. ఆ గదిలో జరిగింది అదే. బీకరు పెటిల్లున పగిలింది. కళ్ళద్దాలు సారుకి ఉన్నాయి. మెడ సాచి చూస్తున్న పిల్లకు లేవు.

ల్యాబమ్మ బల్లలు తోసుకుంటూ వెళ్ళి ఆ పిల్లను రెక్క పట్టుకుని కుళాయి కిందికి లాక్కుపోయింది. సోడా, వంటసోడా తెండి అని తమ్ముడు అరుస్తున్నాడు. ఆమె వద్దంది. ఆమ్లానికి క్షారం తగిలితే మళ్ళీ వేడే పుడుతుంది, ముందు నీళ్ళు, నీళ్ళే, అంటూ పిల్ల మొహాన్ని ధార కింద పట్టుకుంది. పిల్ల గింజుకుంటోంది, ఏడుస్తోంది. ఆమె ఇరవై నిమిషాలు వదల్లేదు. ఎడమ చెవి దగ్గర నుంచి మెడ కింది దాకా, మణికట్టు మీద కొంత, చర్మం పోయింది. కన్ను మాత్రం దక్కింది. ఆ నీళ్ళే ఆ కన్నును కాపాడాయని ఆసుపత్రిలో డాక్టరు తర్వాత చెప్పాడు.

మధ్యాహ్నానికి బడి ఖాళీ అయింది. తమ్ముడు ల్యాబులో స్టూలు మీద కూర్చుని చేతులు చూసుకుంటున్నాడు. ఆమె గాజు ముక్కలు ఊడుస్తోంది. కాసేపటికి వాడు మాట్లాడటం మొదలుపెట్టాడు. ఉద్యోగం పోతుంది, కేసు కూడా పెట్టొచ్చు, చిన్నపిల్ల ఉంది, దాన్ని ఎలా పెంచాలి అన్నాడు. ఆ తర్వాత ఆమె వైపు చూడకుండా, సీసా మీద పేరు తప్పు ఉందని చెబితే, అని ఆగాడు.

ఆమె చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కోపం రావాల్సింది. రాలేదు. చిన్నప్పుడు లెక్క తప్పు చేసి పలక దాచుకున్నవాడిలాగే కనిపించాడు. అబద్ధం చెప్పడం కూడా సరిగ్గా రాదే వీడికి, అనుకుంది. సీసాలోంచి పొయ్యలేదు కదా, అందరూ బీకర్లే చూశారు.

"సీసా అనకు, చీటీలు తారుమారయ్యాయి అను" అంది. "నువ్వు ఆమ్లం అని రాసి ఉన్నదాంట్లోంచి నీళ్ళు అని రాసి ఉన్నదాంట్లోకే పోశావు. తీరా చూస్తే లోపల ఉన్నవి వేరు. ఎత్తగానే బరువు తేడా తెలియలేదా అని ఎవరైనా అడుగుతారు. ఆమ్లం నీళ్ళకి దాదాపు రెండింతలు బరువు. ల్యాబమ్మ ఒకదాంట్లో కొంచెం, ఇంకోదాంట్లో ఎక్కువ పోసి పెట్టింది, అందుకే తెలియలేదు అని చెప్పు."

పగిలిన బీకరు మీది చీటీని ఆమ్లం అప్పటికే నల్లగా మాడ్చేసింది, అక్షరం కూడా మిగల్లేదు. పగలని బీకరు మీద "నీళ్ళు" అని ఉన్న చీటీని ఆమె తడిపి ఊడదీసింది. "గాఢ ఆమ్లం" అని ఇంకో చీటీ రాసి అదే చోట అంటించింది. రాత ఆమెదే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. తమ్ముడు చూస్తూ కూర్చున్నాడు. ఏడ్చాడు కూడా. నీ రుణం ఈ జన్మలో తీర్చుకోలేనక్కా అన్నాడు.

వారం తర్వాత హెడ్మాస్టరు గదిలో విచారణ జరిగింది. ముగ్గురు కూర్చున్నారు, ముగ్గురిలో ఒక్కరికీ రసాయనశాస్త్రం రాదు. బరువు గురించి గానీ, ల్యాబమ్మ అరిచిన అరుపు గురించి గానీ ఎవరూ అడగలేదు. చీటీల మీది అక్షరాలు చదివామని మిగతా పిల్లలు, అధికారులు ఎవరూ అనలేదు. ఆ పిల్లను వాళ్ళమ్మ కట్లతోనే తీసుకొచ్చింది. పిల్ల తడబడకుండా చెప్పింది, నీళ్ళు అని రాసి ఉన్న బీకరు సార్ ఎత్తారు, ఆమ్లం అని రాసి ఉన్నదాంట్లో పోశారు, నేను చదివాను అని. వాళ్ళు పగలని బీకరు తెచ్చి చీటీ చూపించారు. పిల్ల ఆ చీటీ వైపు చూసి, తర్వాత గోడ దగ్గర నిలబడ్డ ల్యాబమ్మ వైపు చూసింది.

హెడ్మాస్టరు ల్యాబమ్మను అడిగాడు. నేనే చీటీలు మార్చి అంటించాను, ఆ పొద్దున తొందరలో ఉన్నాను, సారుది తప్పేమీ లేదు అని ఆమె చెప్పింది.

ఆ తర్వాత అంతా చకచకా జరిగిపోయింది. నొప్పిలో పిల్లకు ఏం గుర్తుంటుంది అన్నాడు ఒకాయన. పాఠం చెప్పే గురువు మీద ఇలా నింద వెయ్యడం ఎవరు నేర్పారు అన్నాడు హెడ్మాస్టరు. పిల్ల తల్లి భయపడిపోయింది. సారుకి క్షమాపణ చెప్పవే అని కూతుర్ని ముందుకు తోసింది. కట్టు కట్టిన మెడతో తల వంచడం కుదరక, ఆ పిల్ల సారు మొహంలోకి చూస్తూనే చెప్పింది.

ల్యాబమ్మ ఉద్యోగం పోయింది. నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటున్నారని, కొన్నాళ్ళు వేరే ఉంటే మంచిదని మరదలు అంది. తమ్ముడు అడ్డు చెప్పలేదు. ఆమె ఊరికి అవతల ఒక సబ్బుల కార్ఖానాలో పనికి కుదిరి, దాని దగ్గరే గది తీసుకుంది. నూనె వేడి చేయడం, కాస్టిక్ సోడా కలపడం, పాకం చిక్కబడే దాకా తెడ్డుతో తిప్పడం. నూనెలో క్షారం కలిస్తే సబ్బు ఎలా అవుతుందో అక్కడ ఆమె ఒక్కదానికే తెలుసు. అదేమీ అక్కడ అక్కరకు వచ్చే చదువు కాదు. పదకొండేళ్ళు అలా తిప్పింది. మొదట్లో తమ్ముడు నెలకోసారి గదికి వచ్చేవాడు. తర్వాత పండ్ల సంచీ ఎవరిచేతో పంపేవాడు. తర్వాత అదీ లేదు. బడికి తనే హెడ్మాస్టరు అయ్యాడని ఆమెకు బయటివాళ్ళ ద్వారా తెలిసింది.

మేనకోడలు పదో తరగతికి వచ్చాక మాత్రం ఆదివారాలు ఆమె గదికి రావడం మొదలుపెట్టింది. నాన్న దగ్గర కూర్చుంటే ఒకసారి చెప్పింది రెండోసారి అడిగితే అరుస్తాడట. అత్త అరవదు. సమీకరణాలు తుల్యం చెయ్యడం ఆ పిల్లకు ఎంతకీ కొరుకుడుపడేది కాదు. ఇటు ఆక్సిజన్లు రెండున్నాయి, అటు ఒకటే ఉంది, మిగతాది ఎటు పోయినట్టు అని అత్త అడిగేది. ఎటో పోయింది అనేది పిల్ల. ఏదీ ఎటూ పోదు, ముందున్న పెద్ద అంకెలు మార్చి సరిచెయ్యాలి, కింద ఉన్న చిన్న అంకె ముట్టుకోకూడదు, అది మారిస్తే పదార్థమే మారిపోయి నీళ్ళు ఇంకేదో అవుతాయి, అని అత్త ఓపిగ్గా చెప్పేది. నాలుగు ఆదివారాలకు పిల్లకు పట్టు చిక్కింది. చాలా ఏళ్ళ తర్వాత ఆ గదిలో నవ్వులు వినపడ్డాయి.

ఒక ఆదివారం మేనకోడలు మాటల మధ్యలో చెప్పింది. ప్రతి ఏడూ ల్యాబు మొదటి క్లాసులో నాన్న ఒక కథ చెబుతాడట. వెనకటికి ఒక పనిమనిషి నిర్లక్ష్యంగా చీటీలు తారుమారు చేసిందని, దానివల్ల ఒక పిల్ల మొహం కాలిందని, అందుకే ఎవరు రాసిన చీటీనీ నమ్మకుండా చూసుకోవాలని. ఆవిడకి శిక్ష పడలేదా అత్తా అని అడిగింది పిల్ల. ఆ మనిషెవరో దానికి తెలియదు. తెలియనియ్యలేదు.

మర్నాడు పొద్దున ఆమె పనికి వెళ్ళకుండా తమ్ముడి ఇంటికి వెళ్ళింది. వాడు బడికి తయారవుతున్నాడు. జుట్టు నెరిసింది, ఒళ్ళు చేసింది. కూర్చోమన్నాడు. ఆమె నిలబడే అడిగింది, పిల్లలకు ఆ కథ ఎందుకు చెబుతున్నావని.

వాడు కాస్త ఇబ్బంది పడ్డాడు. "నీ పేరు చెప్పలేదక్కా. చెప్పనుగా. పిల్లలు జాగ్రత్త నేర్చుకుంటారని చెప్తాను, అంతే."

"జాగ్రత్త ఎవరి నుంచి నేర్చుకోవాలి?"

"అక్కా, అయిపోయిన సంగతి ఇప్పుడు తవ్వడం ఎందుకు? నిన్ను నేను ఒక్కనాడైనా ఒక్క మాట అన్నానా? చీటీలు మారాయి, ఏం చేస్తాం. మనిషన్నాక పొరపాటు చేస్తాడు."

ఆమె వాడి కళ్ళలోకి చూసింది. వాడు అబద్ధం చెబుతున్నప్పుడు ఎడమ చేత్తో చొక్కా గుండీ పట్టుకుంటాడు. ఇప్పుడు పట్టుకోలేదు. నిదానంగా, దయగా మాట్లాడుతున్నాడు. తనను క్షమిస్తున్నాడని ఆమెకు అర్థమైంది. పదకొండేళ్ళూ ఆమె ఎదురుచూసింది ఏమంత పెద్దది కాదు. ఎప్పుడో ఒకసారి, ఎవరూ లేనప్పుడు, నువ్వు నాకోసం చేశావక్కా అని ఒక్క మాట. ఆ మాట చెప్పాల్సిన మనిషి ఇక లేడు. ఈ ఇంట్లో ఉన్నది ఇంకెవరో.

ఆమె తిన్నగా బజారు దారి పట్టింది. అప్పటి ముందు బెంచీ పిల్ల కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుందని ఆమెకు ఎప్పటి నుంచో తెలుసు. అటువైపు వెళ్ళాల్సి వస్తే చుట్టు తిరిగి వెళ్ళేది. ఇప్పుడు లోపలికి వెళ్ళింది. ఆ అమ్మాయి దీపం కింద కూర్చుని ఫ్రేములో అద్దం బిగిస్తోంది. చెవి నుంచి కంఠం దాకా మచ్చ. చున్నీతోనో జుట్టుతోనో దాచుకోలేదు.

ల్యాబమ్మ తనెవరో చెప్పుకోనక్కర్లేకపోయింది. నిలబడే అంతా చెప్పింది. నీళ్ళు పోసింది సారేనని, ఆయన తన సొంత తమ్ముడని, చీటీ తనే మార్చానని. చెప్పేటప్పుడు గొంతులో వేడి ఉంది.

ఆ అమ్మాయి స్క్రూ బిగించడం పూర్తి చేసింది. "నాకు తెలుసుగా. చూసింది నేనే కదా."

"నీకు చెప్పాలని..."

"ఆ రోజు నా మొహం కుళాయి కింద పట్టుకుని వదల్లేదు మీరు. ఈ కన్ను మీరు దక్కించిందే. అందుకే విచారణలో మిమ్మల్ని అడిగినప్పుడు నాకు ధైర్యం వచ్చింది. ల్యాబమ్మ చెప్తుంది అనుకున్నాను. మీరు చెప్పింది విని, నేనే తప్పు చూశానేమోనని చాలా కాలం అనుకున్నాను. ఇంట్లో కూడా అబద్ధాలకోరు అనే అన్నారు. ఏం చెప్పినా, సారు మీదే నింద వేసింది ఇది అనేవాళ్ళు. మచ్చ కన్నా అది ఎక్కువ రోజులు మండింది."

ఇన్నేళ్ళుగా తను పోగొట్టుకున్నది ఏమిటో ల్యాబమ్మ తలుచుకుంటూనే ఉంది. ఈ పిల్ల మాట పోయిందని, పోగొట్టింది తనేనని మాత్రం ఒక్కసారి కూడా అనుకోలేదు.

"ఇవాళే ఎందుకు వచ్చారు?" అని అడిగింది ఆ అమ్మాయి.

ఆమె దాచలేదు. తమ్ముడికి అది గుర్తే లేదని, తననే తప్పు చేసిన మనిషిగా అనుకుంటున్నాడని చెప్పింది.

"ఆయన గుర్తుపెట్టుకుని ఉంటే మీరు వచ్చేవారా?"

సమాధానం ఇద్దరికీ తెలుసు. ఒక ముసలాయన కళ్ళజోడు బాగుచేయించుకోవడానికి లోపలికి వచ్చాడు. ఆ అమ్మాయి ఆయన వైపు తిరుగుతూ, ముందే తెలిసిన నాకు చెప్పి ఏం లాభం, తెలియనివాళ్ళకి చెప్పండి అంది.

ఆ వచ్చే ఆదివారం మేనకోడలు పుస్తకాలతో వచ్చింది. ఆమె పాఠం మొదలుపెట్టకుండా ఆ కథ మొత్తం చెప్పింది, చీటీ తడిపి ఊడదీసిన దాకా. తనను మంచిదాన్ని చేసుకోలేదు. పిల్ల చాలాసేపు పెన్ను మూత పెడుతూ తీస్తూ కూర్చుంది. అయితే ఆ అక్క చెప్పింది నిజమే కదా అత్తా, అని ఒక్కటే అడిగింది. నిజమే అంది అత్త. పిల్ల పుస్తకాలు సర్దుకుని వెళ్ళిపోయింది.

సోమవారం మధ్యాహ్నం కార్ఖానా గేటు దగ్గర ఎవరో వచ్చారంటే ఆమె చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. తమ్ముడు నిలబడి ఉన్నాడు. పదకొండేళ్ళలో కార్ఖానా దాకా రావడం ఇదే మొదలు. కూతురు తనతో మాట్లాడటం లేదన్నాడు. నువ్వు చెప్పింది అబద్ధమని అంటాడేమోనని ఆమె చూసింది. నీకు మతి పోయిందని తిడతాడేమోనని చూసింది. వాడు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, చొక్కా పైగుండీ పట్టుకుని అడిగాడు.

"ఇంకెవరికి చెప్పావు?"

ఎప్పుడు గుర్తొచ్చిందో, అసలు మరిచాడో లేదో ఆమెకు తెలియలేదు. అడగబుద్ధీ కాలేదు.

"కాలిన పిల్లకి చెప్పాను" అంది. "ఆమెకి ముందే తెలుసు."

పాకం గట్టిపడిపోతోందని లోపలి నుంచి ఎవరో కేకేశారు. ఆమె వెళ్ళి తెడ్డు అందుకుంది. మేనకోడలు తర్వాతి ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు.